ఇంటిపన్ను: చెల్లించుటయు, ప్రశ్నించుటయు

పట్టణమున నివసించువాడు పట్టణపు ఖర్చులో తన పాలు పెట్టుకొనవలెననుట నిర్వివాదము. వీధిదీపము వెలుగుటకును, మురుగుకాలువ పారుటకును, చెత్తబండి వాకిటికి వచ్చుటకును ధనము కావలెను. ఆ ధనములో గణనీయమైన భాగము ఇంటిపన్నువలన రావలసియున్నది. కాని తాను చెల్లించు మొత్తము ఏ లెక్కవలన వచ్చినదో యెరిగిన గృహస్థులు మన పట్టణములలో నెందరున్నారు? డిమాండు కాగితము వచ్చును. గడువు చూచుకొని కొందరు చెల్లింతురు. కొందరు గొణుగుకొనుచు చెల్లింతురు. మరికొందరు వడ్డీ మాఫీ ప్రకటన వచ్చుదాక దానిని అటకమీద పెట్టుదురు. కాగితమును చదివి, లెక్క సరిచూచి, తప్పున్నచో వ్రాతమూలముగ ఆక్షేపించువారు మిక్కిలి అరుదు. ఈ యలవాటు మారవలెనని మా యభిప్రాయము. ఏల మారవలెనో, ఎట్లు మార్చుకొనవచ్చునో హైదరాబాదులోని తార్నాక ప్రాంతమును దృష్టాంతముగా గొని విన్నవించుచున్నాము.

పురపాలకపు పన్నును గూర్చిన జ్ఞాపకము ఆంధ్రులకు క్రొత్తది కాదు. మదరాసు ప్రభుత్వము చీరాల పేరాలలను మునిసిపాలిటీగా మార్చినప్పుడు, అంతవరకు ఏటికి సుమారు 4,000 రూపాయలుగా నున్న పన్నుభారము సుమారు 40,000 రూపాయలకు పెరిగినదని చరిత్రకారులు వ్రాసియున్నారు. ప్రజలు మహజర్లు పంపిరి, ఫలము లేకపోయెను. తుదకు 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున వేలకొలది జనులు తమ ఇండ్లను విడిచి, ఊరి వెలుపల రామనగరమను పాకల పల్లె నిర్మించుకొని, సుమారు పదకొండు మాసములు ఎండకును వానకును ఓర్చి నివసించిరి. ఆనాడు పన్నును ప్రశ్నించుటకు ఇల్లు విడుచుటకంటె వేరు మార్గము కానరాలేదు. ఏలయన, పన్ను వేయువాడు పరాయివాడు. విని తీర్పు చెప్పువాడును వాడే. నేడు చట్టమును చేయువారు మనము ఎన్నుకొనినవారు. ఆక్షేపణకు గడువును, విచారణకు అధికారియు, అప్పీలునకు న్యాయస్థానమును చట్టములోనే యేర్పడియున్నవి. మన పెద్దలు ఇల్లు విడిచి సాధింపజూచిన దానిని మనము ఒక కాగితముమీద నాలుగు వాక్యములు వ్రాసి సాధించుకొనవచ్చును. అదియు చేయక ఊరకుండుట విచారకరము.

ఇక తార్నాక మాట. సికిందరాబాదునుండి ఉప్పలునకు పోవు బాటలో, ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణము నానుకొని యీ పేట యున్నది. తార్ అనగా తీగ, నాకా అనగా కావలిచోటు అని యా పేరునకు అర్థము చెప్పుదురు. విశ్వవిద్యాలయము 1918లో ఏర్పడినది. దాని ఆర్ట్సు కళాశాల భవనము 1939లో ప్రారంభింపబడినది. ఆ చుట్టుపట్లనే జాతీయ పోషకాహార సంస్థ, భారతీయ రసాయన సాంకేతిక సంస్థ, ఆంగ్ల విదేశీభాషల విశ్వవిద్యాలయము మొదలగునవి వెలసినవి. వానిలో పనిచేసిన అధ్యాపకులు, శాస్త్రజ్ఞులు, గుమాస్తాలు పలువురు తమ జీతములలో మిగిల్చుకొనిన దానితో ఇచ్చట ఇండ్లు కట్టుకొనిరి. నేడు ఆ ఇండ్లలో కొన్ని అపార్టుమెంట్లైనవి. కొన్నిటి వీధిగదులలో జిరాక్సు దుకాణములును, టిఫిను హోటళ్లును వచ్చినవి. మేడగదులలో పరీక్షలకు చదువుకొను విద్యార్థులు అద్దెకున్నారు. 2017 నవంబరులో మెట్రోరైలు వచ్చిన పిమ్మట అద్దెలును, అంగళ్లును మరింత పెరిగినవి. తాత కట్టిన ఇల్లు గోడలు మారకపోయినను వాడుక మారినది. వాడుక మారినచోట పన్ను లెక్కయు మారును. తగాదాకు మూల మిచ్చటనే యున్నది.

ఇంతలో కొలతల పద్ధతియు మారినది. 2024లో హైదరాబాదు నగరములోని కట్టడములన్నిటిని భౌగోళిక సమాచార విధానముతో గుర్తించి, ఇంటింటి వివరములు సేకరించు పని ఆరంభమైనది. అంతవరకు పన్ను పుస్తకమున కెక్కని కట్టడములు బయటపడుట న్యాయమే. కాని ఆకాశమునుండి చూచు యంత్రమునకు పైకప్పు కనబడును గాని, క్రింది గదిలో ముసలిదంపతులు కాపురమున్నారో, మందుల దుకాణ మున్నదో కనబడదు. వాకిట నిలుచుండి వివరము వ్రాసికొనువాడు తొందరలో నుండవచ్చును. తలుపు తీసినవారు అద్దెకున్నవారై, వైశాల్యము తెలియక నోటికి వచ్చిన యంకె చెప్పవచ్చును. అట్లు వ్రాయబడిన యంకెయే నోటీసై తిరిగివచ్చును. గృహస్థు దానిని సరిచూడనిచో ఏటేట అదియే సత్యముగా చెల్లుచుండును.

ఇంటిపన్నునకు చట్టము వెదకునది ఇంటి ధర గాదు. దాని అద్దె విలువ. ఆ యిల్లు అద్దెకిచ్చినచో సహజముగా ఏటికెంత వచ్చునని యాశింపవచ్చునో అదియే మూలము. ఈ భావము ఇంగ్లండులో 1836 నాటి చట్టమున స్థిరపడి, అచ్చటినుండి మన దేశపు పురపాలక చట్టములలోనికి దిగుమతియైనది. ఇంట యజమానియే కాపురమున్నను, ఒక ఊహాకిరాయిదారు ఎంత యిచ్చునని లెక్కింతురు. హైదరాబాదు నగరపాలక చట్టము 1955 నాటిది. 2007లో పరిసర పురపాలకములను కలిపి గ్రేటరు హైదరాబాదు నగరపాలక సంస్థ యేర్పడినప్పుడును ఆ చట్టమే నిలిచినది. నగరపు ఎల్లలును వార్డులును పలుమారులు మారినను, పన్నునకు మూల మా చట్టమే. దాని 212వ సెక్షను ప్రకారము అద్దె విలువను స్థలము, నిర్మాణపు తీరు, వైశాల్యము, కట్టడపు వయస్సు, వినియోగము అను అయిదిటిని చూచి నిర్ణయింపవలెను. ఈ అయిదు మాటలు ప్రతి గృహస్థు కంఠస్థము చేయదగినవి. నోటీసులోని తప్పు ఏదైనను తరచుగా ఈ అయిదిటిలో నొకదానియందే దాగియుండును.

లెక్క కష్టమైనది కాదు. ఒక ఇంటి వైశాల్యము 1,000 చదరపు అడుగులనుకొందము. ఆ వీధిలో అట్టి యింటికి చదరపు అడుగునకు నెలకు 1 రూపాయి అద్దె విలువయని పట్టికలో నున్నదనుకొందము. ఇది లెక్క సులువునకై మేము తీసికొనిన యంకె. నిజమైన రేటు వీధినిబట్టి మారును. నెలకు 1,000 రూపాయలు, ఏటికి 12,000 రూపాయలు. మరమ్మతుల క్రింద నూటికి 10 తీసివేయగా 10,800 మిగులును. నెలసరి అద్దె విలువ 50 రూపాయల లోపైనచో పన్నులేదు. 100 వరకు నూటికి 17, 200 వరకు 19, 300 వరకు 22, అంతకుమించినచో 30 వంతున పన్ను వేయుదురు. మన దృష్టాంతములో నూటికి 30 చొప్పున 3,240 రూపాయలగును. దానిపై గ్రంథాలయపు సెస్సు నూటికి 8 చొప్పున 259 రూపాయల 20 పైసలు. మొత్తము 3,499 రూపాయల 20 పైసలు. మూడవ తరగతి చదువు బాలుడును కాగితము పెన్సిలు ఇచ్చినచో ఈ లెక్క చేయగలడు.

ఇప్పుడు ఆ వైశాల్యము పొరపాటున 1,200 అని పుస్తకమునకెక్కినదనుకొందము. పన్ను 4,199 రూపాయలగును. ఏటికి 700 రూపాయల తేడా చూచి, ఇంతమాత్రమునకు ఆఫీసు చుట్టు తిరుగుటెందుకని గృహస్థు ఊరకుండును. పదియేండ్లకు అది 7,000 రూపాయలు. పేదవాని విషయమున నష్టము మరింత పెద్దది. హైదరాబాదులో ఏటికి 1,200 రూపాయల లోపు పన్ను గల నివాసగృహములకు పన్నును 101 రూపాయలకు తగ్గించుచు 2015లో ప్రభుత్వము నిర్ణయించినది. మన లెక్క ప్రకారము 340 చదరపు అడుగుల ఇంటికి సెస్సుతో కూడ 1,190 రూపాయలు పడును గనుక అది యీ మేలునకు పాత్రమగును. ఎనిమిదడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు గల వసారా యొకటి అధికముగా వ్రాయబడి వైశాల్యము 380 అయినచో పన్ను 1,330 రూపాయలగును, మేలు పోవును. నలువది చదరపు అడుగుల తప్పువలన పేదగృహస్థు 101 రూపాయలకు బదులు పదమూడింతలు చెల్లించును. కావున కొలతలో తప్పు చిన్నదా పెద్దదా యనుట కాగితముమీది యంకెనుబట్టి గాదు, అది యే హద్దును దాటించినదో చూచి చెప్పవలెను.

పై లెక్కలో మరియొక విషయము కనబడుచున్నది. అల్పగృహములకు అల్పరేటు వేయుటకై 17, 19, 22 అను మెట్లు పెట్టిరి. కాని 300 రూపాయల నెలసరి అద్దె విలువ దాటని యిల్లు నేటి పట్టణములో నెక్కడ? చదరపు అడుగునకు ఒక రూపాయి చొప్పున చూచినను 300 అడుగులు మించిన ప్రతి కొంపయు నూటికి 30 మెట్టుపైననే నిలుచును. రెండు గదుల గుమాస్తాకును, నాలుగంతస్తుల ధనికునకును రేటు ఒక్కటియే. మెట్లు చట్టములో నున్నవి గాని ఎక్కువారికి ఆసరా కాలేదు. ఈ హద్దులను కాలానుగుణముగ సవరించుట శాసనకర్తల పని. ఆ పని చేయించుట వోటర్ల పని.

వైశాల్యము తరువాత తగాదాకు తావిచ్చునది వినియోగము. నివాసేతర కట్టడములకు వైశాల్యమును, నెలసరి రేటును మూడున్నరతో గుణించి పన్ను కట్టుదురు. గుణకమును చూచినచో నివాసపు లెక్కకు దాదాపు సమానమే. కాని వాణిజ్యపు రేటు పట్టిక వేరు, అందలి రేట్లు నివాసపు రేట్లకంటె చాల హెచ్చు. తార్నాకలో ఈ తేడా ముఖ్యమైనది. వీధిగదిలో దుకాణమున్నచో ఆ గదికి మాత్రము వాణిజ్యపు రేటు వేయవలెను గాని, వెనుకనున్న వంటయింటికిని, పడకగదికిని వేయరాదు. ఇద్దరు విద్యార్థులు వంట చేసికొని కాపురమున్న మేడగది నివాసమా? భోజనముతో సహా ముప్పదిమందికి పడకలు వేసిన భవనము వ్యాపారమా? రెంటికిని నడుమ గీత ఎక్కడ గీయవలెను? దుకాణము మూతపడి మూడేండ్లైనను పుస్తకములో వాణిజ్యమని నిలిచియున్నచో ఎట్లు? ఇట్టివి కాగితముమీద సాక్ష్యముతో చెప్పవలసిన విషయములు. అద్దె కరారునామా, కరెంటు బిల్లు, గది ఛాయాచిత్రము ఇందులకు పనికివచ్చును.

ఈ సంగతి ఇంటి యజమానులకే గాని తమకు సంబంధించినది కాదని విశ్వవిద్యాలయపు విద్యార్థులు తలపవలదు. యజమానిపై పడిన పన్ను ఆలస్యముగనైనను అద్దెలో కలియును. పాలమూరునుండియో, ఆదిలాబాదునుండియో వచ్చి తార్నాకలో గది తీసికొనిన విద్యార్థి తన పేర నోటీసు రాకున్నను ఆ పన్నులో కొంతభాగము మోయుచునే యున్నాడు.

నోటీసు వచ్చినప్పుడు ఏమి చేయవలెను? మొదట కాగితముమీది పది అంకెల గుర్తింపు సంఖ్యయు, ఇంటి నంబరును తనవేనా యని చూడవలెను. ఒకే యింటికి రెండు సంఖ్యలుండి రెండు డిమాండ్లు వచ్చినచో ముందుగా దానిని వ్రాతమూలముగ తెలుపవలెను. పిమ్మట టేపు పట్టి ఇంటిని అంతస్తువారీగా కొలువవలెను. అనుమతి పొందిన ప్లానును, రిజిస్టరైన దస్తావేజును దగ్గర పెట్టుకొని వానితో పోల్చవలెను. నిర్ధారణ పుస్తకములో తన ఇంటికి సంబంధించిన భాగమును రుసుము లేకుండ పరిశీలించి యెత్తివ్రాసికొను హక్కు యజమానికిని, కాపురస్థునకును కలదు. కొలత కాగితము చూపకున్నచో 2005 నాటి సమాచార హక్కు చట్టము ప్రకారము అడుగవచ్చును.

ఆపైన నోటీసులో చూపిన గడువులోపల కమిషనరు పేర ఫిర్యాదు వ్రాయవలెను. గడువు దాటిన సత్యము ఆఫీసులలో చెల్లదు. ఫిర్యాదు క్లుప్తముగను, సంపూర్ణముగను ఉండవలెను. పన్ను ఎక్కువైనదని మొరపెట్టుట వ్యర్థము. ఎక్కువ తక్కువలు అధికారికిని, మనకును ఒకటి గావు. వైశాల్యము ఇంతయని వ్రాసినారు, ప్లాను ప్రకారము ఇంత, తేడా ఇంత, ఈ గది వాణిజ్యమని వ్రాసినారు, ఇది నివాసము, ఇదిగో సాక్ష్యము, మా వీధిలో ఇదే తరహా ఇండ్లకు పట్టికలో ఈ రేటున్నది, మాకు మరియొకటి వేసినారు, కారణము తెలుపగోరుచున్నాము, ఇట్లు వ్రాయవలెను. ఒక ప్రతి యిచ్చి, రెండవ ప్రతిపై తేదీతో ముద్ర వేయించుకొనవలెను. విచారణకు పిలిచిన దినమున కాగితములతో హాజరు కావలెను. తీర్పును కాగితముమీద తీసికొనవలెను. ఆఫీసులో నోటిమాటగా పొందిన హామీకి విలువ లేదు.

కమిషనరు తీర్పు తృప్తికరము కానిచో, చట్టపు 282వ సెక్షను ప్రకారము సిటీ స్మాలుకాజెస్ కోర్టు ప్రధాన న్యాయమూర్తియొద్ద అప్పీలు చేయవచ్చును. దీనికి మూడు షరతులున్నవి: ముందుగా కమిషనరునకు ఫిర్యాదు చేసి తీర్పు పొందియుండవలెను; 15 దినములలోపల అప్పీలు వేయవలెను; వివాదమునందున్న పన్నును ముందే జమకట్టవలెను. మూడవది కఠినముగా తోచును. అప్పీలను హక్కు శాసనము దయచేసినది గనుక షరతు పెట్టు అధికారమును శాసనమునకే కలదని సుప్రీముకోర్టు 1975లో గుజరాతునకు చెందిన అనంత్ మిల్స్ వ్యాజ్యమున తీర్పు చెప్పినది. కావున అప్పీలు పేరిట చెల్లింపు మానరాదు. బాకీపై నెలకు నూటికి 2 చొప్పున జరిమానా వడ్డీ పడుచుండును. అనగా ఏటికి నూటికి 24. ఆక్షేపణ తెలుపుచు చెల్లించి, గెలిచిన పిమ్మట తిరిగి పొందుటయో, రాబోవు డిమాండులో సరిపుచ్చుకొనుటయో వివేకము.

ఇట్లు పోరాడి గెలిచినవారు మనలో లేరని యెవరైనను అనుకొనినచో గుంటూరువైపు చూచెదరుగాక. అచ్చటి పన్ను చెల్లింపుదారుల సంఘము పురపాలక సంఘముతో వాదమునకు దిగి సుప్రీముకోర్టు వరకు పోయెను. అద్దె నియంత్రణ చట్టము ప్రకారము ఏది న్యాయమైన అద్దెయో దానిని మించి పన్నునకు అద్దె విలువ కట్టరాదనియు, ఆ న్యాయమైన అద్దెను కంట్రోలరు ముందుగా నిర్ణయించి యుండకపోయినను పురపాలకము ఆ సూత్రములనే పాటింపవలెననియు ఆ న్యాయస్థానము 1970లో తీర్పు చెప్పినది. దానిని సాధించినది ఏ జమీందారు గాదు, కోటీశ్వరుడు గాదు. ఇరుగుపొరుగువారు కలిసి యేర్పరచుకొనిన సంఘము. తరువాత నిబంధనలు మారి, వైశాల్యమునుబట్టియు, స్థలమునుబట్టియు పట్టికలు వేయు పద్ధతి వచ్చినది. అయినను పన్ను వేయువాని అంచనాకు ఒక న్యాయమైన కొలబద్ద యుండవలెనని గుంటూరువారు నిలిపిన సూత్రము పాతబడలేదు. కేరళలో కట్టడము ఎటువంటిదైనను, ఎక్కడున్నను వైశాల్యమునుబట్టియే పన్ను వేయజూచిన చట్టమును సుప్రీముకోర్టు 1968లో కొట్టివేసినదియు ఈ సందర్భమున స్మరింపదగును. అసమానమైన వానిని సమానముగా చూచుటయు అన్యాయమేయని దాని సారము.

కొలత మారినప్పుడెల్ల గృహస్థు మెలకువగా నుండవలసియున్నది. ఆంధ్రప్రదేశములో 2021 ఏప్రిలునుండి అద్దె విలువ పద్ధతిని విడిచి, ఆస్తి మూలధన విలువపై పన్ను వేయు పద్ధతి వచ్చినది. పెంపు ఏటికి నూటికి 15 దాటరాదను హద్దు పెట్టబడినను, అచ్చటి పట్టణములలో ఆందోళన చెలరేగినది. అమెరికాలోని టెక్సాసులో స్థిరపడిన మన తెలుగువారు ఏటేట వేసవికి ముందు ఇంటి విలువ కాగితము రాగానే, పొరుగు ఇండ్ల విలువలను బహిరంగమైన పుస్తకములో చూచి పోల్చి, సాధారణముగా మే 15వ తేదీలోపల నిరసన దాఖలు చేయుదురు. దానిని అచ్చట ద్రోహమని గాని, జగడమని గాని ఎవరును తలపరు. సముద్రములు దాటిన తెలుగువానికి అలవడిన పని తార్నాకలోనున్న అతని తండ్రికి అలవడకుండుటకు కారణము తెలివిలోని భేదము గాదు. అచ్చట పొరుగింటి లెక్క తెరిచియున్నది. ఇచ్చట తన యింటి లెక్కయే మూసియున్నట్లు తోచుచున్నది.

లెక్క మూసియున్నచోట మధ్యవర్తి పుట్టును. చేతిలో కొంత పెట్టినచో పన్ను తగ్గించెదనను మనుష్యుడు మన పట్టణములలో ఎరుగనివాడు గాదు. వానికి సొమ్మిచ్చి పన్ను తగ్గించుకొనినవాడు తాను లాభపడితినని సంతసించును. కాని ఆ తగ్గింపునకు కాగితముమీద కారణము లేదు గనుక మరునాడు మరియొక అధికారి దానిని పెంచినచో చెప్పుకొన దిక్కులేదు. అతడు మానిన భారమును పలుకుబడి లేని పొరుగువాడు మోయవలసివచ్చును. నగరపాలకమును మే మడుగునది ఒక్కటి: ప్రతి నోటీసుపైనను వైశాల్యము, రేటు, వినియోగము, తీసివేత, సెస్సు వేర్వేరుగా తెలుగునను, ఉరుదూనను ముద్రింపవలెను, ఆక్షేపణ గడువును, అప్పీలు మార్గమును ఆ కాగితముమీదనే చూపవలెను. ఇందులకు క్రొత్త చట్టము అక్కరలేదు.

వడ్డీ మాఫీల విషయమునను మాకొక మాట కలదు. 2020లోను, 2022లోను పాతబాకీలపై వడ్డీలో నూటికి 90 వంతులు మాఫీ చేయుచు ఏకమొత్త చెల్లింపు పథకములు ప్రకటింపబడినవి. ఖజానాకు సొమ్ము చేరుట మంచిదే. కాని గడువునకు చెల్లించినవానికి ఏప్రిలు మాసపు నూటికి 5 తగ్గింపును, ఏండ్లతరబడి చెల్లింపనివానికి వడ్డీలో నూటికి 90 తగ్గింపును ఇచ్చినచో, ఏ నడవడిని ప్రోత్సహించినట్లు? న్యాయముగా ఆక్షేపించి గడువులో అప్పీలు వేసినవానిపట్ల ఇంత ఔదార్యము చూపిన సందర్భము మాకు కానరాలేదు.

గృహస్థులకును ఒక హెచ్చరిక చేయవలసియున్నది. పుస్తకమును సరిచూడబోయినప్పుడు తప్పు మనకు అనుకూలముగ నున్నచో ఏమి చేయుదుము? మేడమీద రెండు గదులు లేచి పదియేండ్లైనను పాత వైశాల్యమునకే పన్ను కట్టుచున్నవారు గలరు. అనుమతి లేక కట్టిన భాగముపై అదనపు పన్ను పడును; ఆ పన్ను కట్టినంతమాత్రమున ఆ కట్టడము సక్రమమైపోదు. హెచ్చు కొలతను ఆక్షేపించువాడు తక్కువ కొలతను దాచినచో అతని మాటకు బలముండదు. పన్నును ప్రశ్నించు హక్కు సరియైన లెక్కకై యున్నది గాని, తక్కువ లెక్కకై కాదు.

ఇంటిపన్ను కాగితములో గ్రంథాలయపు సెస్సను వరుసను పఠనమందిరములలో ఈ పత్రిక చదువుచున్నవారు గుర్తించియుందురా? 1960 నాటి గ్రంథాలయ చట్టమునుబట్టి రూపాయికి ఎనిమిది పైసల చొప్పున మన మిచ్చు ఆ సొమ్ము గ్రంథాలయములకు చేరవలెను. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును స్థాపించిన పెద్దలకు ఇట్టి శాసనబద్ధమైన ఆదాయము లేదు. చందాలు పోగుచేసి పుస్తకములు కొనిరి. నేడు సెస్సు వసూలగుచున్నను సకాలమున గ్రంథాలయ సంస్థలకు ముట్టుటలేదను ఫిర్యాదు పలుమారు బయటికి వచ్చినది. పన్ను ఎంతయని అడుగుట యెంత న్యాయమో, ఇచ్చిన పన్ను ఎచ్చటికి పోయినదని యడుగుటయు నంతే న్యాయము.

కావున మా సూచన యిది. తార్నాకలోని కాలనీ సంఘములు ఏటేట ఏప్రిలు, అక్టోబరు మాసములలో, రెండు అర్ధసంవత్సరపు డిమాండ్లు ఆరంభమగువేళ, సమీపపు పఠనమందిరమున రెండేసి ఆదివారములు ఒక బల్ల వేయవలెను. ఉస్మానియా న్యాయకళాశాల విద్యార్థులు ఫిర్యాదు వ్రాయుటలోను, ఇంజనీరింగు విద్యార్థులు ఇల్లు కొలుచుటలోను తోడ్పడవలెను. పింఛనుపై బ్రతుకు వృద్ధులును, భర్త గతించి దస్తావేజుల సంగతి తెలియని స్త్రీలును, ఇంగ్లీషు నోటీసు చదువలేని చిన్న గృహస్థులును అచ్చటికి తమ కాగితములు తెచ్చుకొందురు. విద్యార్థులకు చట్టము పుస్తకమునుండి వీధిలోనికి దిగివచ్చును. తప్పు తేలిన యింటికి సంఘము పక్షమున ఫిర్యాదు పోవును. లెక్క సరియని తేలినవారు సంశయము లేక చెల్లింతురు. అట్టి బల్ల ఒక్కటి రాబోవు ఏప్రిలులో తార్నాకలో వెలసినచో, సికిందరాబాదును, వరంగల్లును, కరీంనగరమును దానిని చూచి నేర్చుకొనుటకు ఎక్కువ కాలము పట్టదని మా విశ్వాసము.